దుంగకు అటు చివర

పిల్లలంతా దసరా సెలవులకి ఊళ్లకి వెళ్లిపోయాక హాస్టలు వంటింట్లో నాకు పని ఉండదు. పెద్ద గుండిగలు తోమి బోర్లించేసి, నా ఒక్కదానికి చిన్న గిన్నెలో అన్నం పడేసుకుంటాను. అంత పెద్ద పొయ్యి మీద అంత చిన్న గిన్నె కూర్చుంటే చూడ్డానికే ఏదోలా ఉంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం, శృంగవరపుకోటలో ఎండ ఇంకా తగ్గకముందే, గేటు దగ్గర ఎవరో ఆడమనిషి నా పేరు అడుగుతోందని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. నా కోసం వచ్చేవాళ్లు ఎవరూ లేరు. మా ఆయన పోయి చాలా కాలమైంది. పిల్లలు కలగలేదు. ఎవరో పొరపాటున వచ్చి ఉంటారనుకుంటూనే వెళ్లాను. ముక్కుకి రెండు పక్కలా పుడకలు, నెరిసిన జుట్టు, భుజాన గుడ్డ సంచి. నన్ను చూడగానే "రూతప్పా" అంది. మా వైపు అక్కని అప్ప అంటాం. అయినా నేను పోల్చుకోలేదు. తాను గెడ్డ అవతల లోకనాథం కూతుర్ననీ, సాబిత్రిననీ చెప్పాక గేటు తీసి లోపలికి తీసుకొచ్చాను.

ఇది రాయమన్నది హాస్టల్లో పదో తరగతి చదివే పిల్లలు. నేను అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఒత్తులు తప్పుతాయేమో, చదివినవాళ్లు నవ్వుతారేమోనని భయంగానే ఉంది. ఏది ముందు చెప్పాలో కూడా సరిగ్గా తెలీదు. అందుకని దుంగ దగ్గర మొదలుపెడతాను. అది తెలిస్తే మిగతాది అర్థమవుతుంది.

మా ఊరు కొండ దిగువన ఉంటుంది. గెడ్డకి ఇటు మేము, అటు ఒడిశా వాళ్లు. గెడ్డంటే కొండవాగు. వాళ్ల కొండల్లో పుట్టి, రెండు ఊళ్ల మధ్య నుంచి దిగి, ఎక్కడో కింద పెద్ద ఏట్లో కలుస్తుంది. ఇరుకు రాళ్ల మధ్యకి వచ్చిన చోట నీళ్లు చిన్న మడుగు కట్టేవి. ఆ మడుగు నోటికి అడ్డంగా ఒక పెద్ద మద్ది దుంగ ఉండేది. దుంగకి పైవైపున చెక్కిన రెండు గంట్లు. ఒక గంటులోంచి పడే నీళ్లు మా పొలాల కాలవకి, రెండో గంటులోంచి పడేవి వాళ్ల కాలవకి. సరిగ్గా మధ్యలో ఒక బండ, ఏనుగు కూర్చున్నట్టు వంగి ఉండేది. దాని పొట్ట కిందనుంచి దుంగ అటువైపుకి దూరేది. అందుకని ఇటు చివర నిలబడ్డ మనిషికి అటు చివర మనిషి కనపడడు. నీళ్ల హోరులో మామూలు మాట వినపడదు కూడా.

ఏటా వానలు వెనకబట్టాక పాత దుంగ తీసి కొత్తది వేసేవారు. గంట్లు కొట్టేది ఒక ఊరు. దాన్ని తెచ్చి కూర్చోబెట్టేది రెండో ఊరు. ఏ కొన ఎటు పెట్టాలన్నది కూర్చోబెట్టేవాళ్ల ఇష్టం. తన ఊరికి ఏ గంటు వస్తుందో కొట్టేవాడికి తెలీదు కదా, అందుకని రెండూ ఒక్కలాగే కొట్టేవాడు. మరుసటి ఏడు పనులు అటూ ఇటూ మారేవి. ఎవరు పెట్టిన పద్ధతో మా తాతకి కూడా తెలీదు. నీళ్ల దగ్గర కొట్టుకున్న ఊళ్ల గురించి తర్వాత చాలా విన్నాను. మా దగ్గర మాత్రం దుంగ వేసే రోజంటే ఒక పండగ. వాళ్లు మరమరాలు తెచ్చేవాళ్లు, మేము చోడి రొట్టెలు, అంటే రాగి రొట్టెలు, పట్టుకెళ్లేవాళ్లం. గంట్లు కొట్టినవాణ్ని అవతలి ఊరివాళ్లు వేళాకోళం చేసేవాళ్లు.

నేను పలక పట్టే రోజుల్లో పట్నం నుంచి ఇంజనీర్లు వచ్చి గెడ్డ మీద కరెంటు యంత్రం పెట్టారు. రెండు ఊళ్ల వాళ్లూ సిమెంటు బస్తాలు మోశారు, పైపులు మోశారు. మడుగు గట్టున కాస్త ఎత్తులో పైపు నోరు పెట్టి, దాన్ని కొండవాలుగా దింపి, కింద ఒక రేకుల పాకలో యంత్రానికి తగిలించారు. దాన్ని మేము కరెంటు పాక అనేవాళ్లం. నీళ్లు ఇద్దరివీ కాబట్టి తీగలు కూడా రెండు ఊళ్లకీ లాగారు. చీకటిపడే వేళ యంత్రం తిరగాలంటే గెడ్డ మొత్తం కావాలి, సగం నీళ్లకి అది కదలదు. అందుకని దీపాల వేళకి దుంగను దొర్లించేవారు. కొనల్లో ఉన్న చిల్లుల్లో గునపాలు దూర్చి ఇద్దరూ ఒక్కసారే ఒత్తితే గంట్లు దిగువకి తిరిగి, నీళ్లకి దుంగ వీపు అడ్డం వచ్చేది. మడుగు నిండి నీళ్లు పైపులోకి పోయేవి. అందరి భోజనాలూ అయ్యాక మళ్లీ దొర్లించి పొలాలకి వదిలేవారు. యంత్రం తిప్పిన నీళ్లు కూడా ఎక్కడికీ పోవు, పాక కింద మళ్లీ గెడ్డలోనే పడతాయి. అయితే ఒక్కడే ఒత్తితే మాత్రం దుంగ వంకరపోయి జారిపోతుంది. ఇద్దరూ కలవాలి, కలవాలంటే పిలుచుకోవాలి. ఒకరు "ఓ..." అంటారు, రెండోవారు "ఓ..." అంటారు, అప్పుడు ఒత్తుతారు. ఏ ఊరు దుంగ కూర్చోబెట్టిందో ఆ ఏడంతా ఆ ఊరిదే పిలుపు. రెండో ఊరివాడు ముందు పిలిస్తే అవతలివాళ్ల పెద్దరికం తీసేసినట్టు.

ఇటు చివర మా అయ్య దానియేలు, అటు చివర సాబిత్రి వాళ్ల నాన్న లోకనాథం. ఆమె ఆయన్ని బాపా అనేది. ఆ ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. మా వైపు నేస్తం కట్టుకున్నవాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. నేస్తం అనే అంటారు. మాది ప్రార్థనకి వెళ్లే కుటుంబం, వాళ్లింట్లో తులసికోట ఉండేది. అది ఎప్పుడూ అడ్డం రాలేదు. దుంగ దొర్లించాక లోకనాథం రాళ్ల మీదుగా గెడ్డ దాటి కరెంటు పాకకి వచ్చేవాడు. అయ్య యంత్రానికి గ్రీజు పెట్టేవాడు, పైపు మూతికి పట్టిన ఆకులు దులిపేవాడు. లోకనాథం గుమ్మంలో కూర్చుని పికా కాల్చేవాడు. పికా అంటే ఆకులో పొగాకు చుట్టిన చుట్ట. గ్రీజు వాసన, తడి రేకు వాసన, పికా వాసన కలిసి నాకు ఇప్పటికీ సాయంత్రం అంటే అదే వాసన. నేనూ సాబిత్రీ యంత్రం గోడకి చెవి ఆనించి ఎవరి చెవిలో ఎక్కువ గుంయ్యిమంటోందో అని పోట్లాడుకునేవాళ్లం.

ఇంట్లో అమ్మ దీపంబుడ్డి తుడిచి పక్కన పెట్టుకుని, వెలిగించకుండా బల్బు కింద కూర్చునేది. ముందు బల్బులో తీగ ఎర్రగా కనపడేది. తర్వాత పసుపు నీళ్లలా వెలుగు ఇల్లంతా పాకేది. అప్పుడు అమ్మ చేటలో చోళ్లు పోసుకుని రాళ్లు ఏరేది. చర్చిలో ఇంకో బల్బు. దాని కింద మాస్టారు ఆరో తరగతికి శృంగవరపుకోట హాస్టలు పరీక్ష రాసే పిల్లలకి పాఠం చెప్పేవారు. అందులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. అమ్మకి అది ఇష్టం లేదు. అయ్య మాత్రం తాను రోజూ గునపం పట్టేది నా చదువు కోసమేనని అనేవాడు. ఊరి వెలుగు ఊరిది, నీ వెలుగు నీది అనేవాడు. నేను దాన్ని నిజంగానే నమ్మాను.

నేను హాస్టలు పరీక్ష రాయాల్సిన ఏడు దుంగ కూర్చోబెట్టింది అవతలి ఊరు. పిలుపు వాళ్లదే. రోజూ లోకనాథం గొంతు ముందు వినపడేది. తుఫాను వచ్చి గెడ్డ పొంగి దుంగ కొట్టుకుపోయింది. కొత్తది కొట్టే తీరిక లేక, దిగువన వాళ్ల గట్టున చిక్కుకున్న దాన్నే రెండు ఊళ్లవాళ్లూ తాళ్లు కట్టి బురదలో ఈడ్చుకొచ్చి మళ్లీ వేశారు. అందరికన్నా ముందు నీళ్లలోకి దిగి దుంగకి భుజం పెట్టింది మా అయ్య. వేశాక చూస్తే అవతలి గంటు కొంచెం వెడల్పుగా ఉంది. రాళ్లకి ఒరుసుకుని అరిగి ఉంటుంది. మా ఊరి పెద్దొకాయన అది అరగడం కాదని, వాళ్ల గట్టున పడి ఉన్నప్పుడు ఉలి పెట్టారని అనేశాడు. అవతలి పెద్ద ఊరుకోలేదు. "రోజూ కల్లు మూసుకుని పెర్దన సేసీవోలకి రాయి కొరికిన గంటేటో, ఉలి కొట్టిన గంటేటో ఎలా కనపడతాది" అన్నాడు. దాంతో ఎవరి గట్టుకి వాళ్లు ఎక్కేశారు. గెడ్డ దాటొద్దని రెండు ఊళ్లలోనూ కట్టడి చేశారు. అయ్యా లోకనాథమూ ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు. తాడు చుట్టుకుంటూ ఒకరినొకరు చూసుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అయ్య మామూలుగానే దుంగ దగ్గరికి వెళ్లాడు. గునపం చిల్లులో పెట్టుకుని కూర్చున్నాడు. పిలుపు రాలేదు. మర్నాడూ రాలేదు. తర్వాత్తర్వాత కూర్చునే వేళకి చేతికి పని ఉండాలని నార పట్టుకెళ్లి తాడు పేనడం మొదలుపెట్టాడు. నేను అంబలి తీసుకెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఎదురుగా బండ, చెవుల్లో నీళ్ల హోరు. అవతల చెట్ల మీద ఎండ పోయేది. అయ్య వేళ్లు మాత్రం తాడు పేనుతూనే ఉండేవి. గాలి అటునుంచి తిరిగినప్పుడు ఒక్కోసారి పికా వాసన వచ్చేది. దారిన పోయేవాళ్లెవరో కాలుస్తున్నారనుకునేదాన్ని. ఆ వాసనకి అయ్య చేతులు ఆగేవి. తల ఎత్తి కాసేపు ఉండి, మళ్లీ పేనేవాడు.

ఇంట్లో తాడు చుట్టలు పేరుకుపోయాయి. "ఇంత తాడేటి సేసుకుంటాం, ఊరిని కట్టీసి ఈడుద్దామా" అనేది అమ్మ. ఆడు రాడు, నువ్వే ఎల్లి పిలు అని కూడా అనేది. అయ్య మర్నాటికి నార నానేసుకునేవాడు. ఊళ్లో వాళ్లు, అటు మనమే ఇంకో మనిషిని పెట్టి దొర్లించుకుందాం అని వచ్చారు. ఆ చోటు తన నేస్తానిదని, అక్కడ ఇంకొకడు కూర్చుంటే తాను గునపం పట్టనని అయ్య చెప్పేశాడు. చర్చిలో బల్బు వెలగక మాస్టారు కొన్నాళ్లు దీపంబుడ్డి పెట్టి చెప్పారు. కిరసనాయిలు దొరకడం కష్టమై మానేశారు. పరీక్ష దగ్గరికొస్తోంది. ఒక సాయంత్రం ఇంక ఆగలేక, నేనే పిలుద్దామని లేచి నోరు తెరిచాను. అయ్య అరచెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. యంత్రం ఆగి నెలలైనా ఆ చెయ్యి గ్రీజు వాసనే వేసింది.

"అరవకే గుంటా" అన్నాడు. "పిలుపు మనది కాదు. మనం పిలిస్తే, అవతలోలు లెక్కలో లేరన్నట్టే."

"ఆలు పిలవకపోతేనో?"

"పిలుస్తాడు. నా నేస్తం గదా."

ఆ ఏడు నేను పరీక్షకి వెళ్లలేదు. ఎండాకాలం వెళ్లేలోపు మా ఊరికి ఇటునుంచి ప్రభుత్వం కరెంటు స్తంభాలు వచ్చాయి, వాళ్ల ఊరికి అటునుంచి వచ్చాయి. ఎవరి వెలుగు వాళ్లదైపోయింది. స్తంభాలు పాతిన సాయంత్రం అయ్య దుంగ దగ్గరికి వెళ్లలేదు. గునపం పొయ్యి వెనకాల ఆనించి, ముఖం కడుక్కుని, కొత్త బల్బు కింద కాకుండా అరుగు మీద చీకట్లో కూర్చున్నాడు. తర్వాత కొన్నేళ్లకి ఆయన పోయినప్పుడు, నేస్తం వస్తాడని పెట్టె మూత వేయనివ్వకుండా అమ్మ చాలాసేపు ఆపింది. రాలేదు. అప్పటినుంచి లోకనాథం పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాకు పెళ్లయి, మా ఆయన పోయాక, ఒకప్పుడు చదువుకోవాలని కలగన్న ఈ హాస్టల్లోనే వంటకి చేరాను.

సాబిత్రికి ఆ చిన్న గిన్నెలోనే ఇంకో గుప్పెడు బియ్యం పోసి వండాను. గెడ్డ మీద పాత యంత్రం తీసేసి కొత్తది పెడుతున్నారని, రెండు రాష్ట్రాల ఆఫీసర్లూ రెండు ఊళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడారని, పాత మనుషులెవరైనా ఉంటే ప్రారంభానికి రమ్మన్నారని చెప్పింది. నన్ను వెతుక్కుంటూ మా ఊరు వెళ్లి, అక్కడినుంచి ఇక్కడికి వచ్చిందట. నేను ఊఁ కొడుతున్నానే గాని, నా మనసంతా ఒకే మాట మీద ఉంది. మీ నాన్న ఎందుకు పిలవలేదని అడగాలి. ఇన్నేళ్లూ అడగడానికి మనిషి లేదు. నీళ్ల గ్లాసు ఆమె ముందు పెట్టి, అడుగుదామని కూర్చున్నాను. ఆమే ముందు అడిగింది.

"రూతప్పా, ఒక మాట అడగాలని ఒచ్చినాను. మీ అయ్య ఎందుకు పిలవలేదు?"

నాకు అర్థం కాలేదు. పిలుపు మీది కదా, ఆ ఏడు దుంగ కూర్చోబెట్టింది మీరే కదా అన్నాను.

"అది తుపానుకి ముందల. కొట్టుకుపోనాక మల్లీ కూకోబెట్టినప్పుడు మొదట బుజం ఎట్టింది మీ అయ్యే గదా. పిలుపు మీదైపోనాదని మా బాపా అనుకున్నాడు. రోజూ అటు కొసన కూకునీవోడు."

"అక్కడ కూర్చునేవాడా?"

"ఎండాకాలం దాకా. అడ్డాకులు ఒట్టుకెల్లి ఇస్తరాకులు కుట్టీవోడు. మా అమ్మ ఇంట్లో పికా కాల్సనిచ్చీది కాదు, అక్కడే కాల్సీవోడు. ఇస్తర్లు ఎన్నయిపోనాయంటే, మా పెద్దక్క పెల్లికి ఊరందరికీ ఏసినా మిగిలిపోనాయి."

అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మంచం కింది ట్రంకు పెట్టెలోంచి అయ్య పేనిన తాడు చుట్ట తీసి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె దాన్ని విప్పకుండా, పేటలు వేళ్లతో తడుముతూ చాలాసేపు కూర్చుంది. అయ్య పోయిన కబురు వాళ్లకి తెలిసేసరికి మట్టి వేయడం కూడా అయిపోయిందట. నేస్తం చివరిదాకా తనని పిలవలేదని లోకనాథం కూడా ఆ బాధతోనే పోయాడట. గాలి తిరిగినప్పుడు వచ్చిన ఆ వాసన గురించి ఆమెకి చెప్పాను. అయ్య కూడా దారిన పోయేవాళ్లదే అనుకున్నాడో, తెలిసే కూర్చున్నాడో నాకు తెలీదు. తెలిసే కూర్చున్నాడేమో అనిపించినప్పుడు ఆయన మీద కోపం వస్తుంది. మళ్లీ ఆ చేతులు ఆగడం గుర్తొచ్చి కోపం పోతుంది.

ప్రారంభానికి వెళ్లాను. దుంగ ఉన్న చోట ఇప్పుడు సిమెంటు గోడ, అందులో సమానంగా రెండు తూములు, వాటికి ఇనప తలుపులు. చీకటిపడే వేళ తలుపులు వాటంతటవే మూసుకుని నీళ్లు పైపులోకి పోతాయని, భోజనాల వేళ దాటాక వాటంతటవే తెరుచుకుంటాయని ఇంజనీరమ్మాయి చెప్పింది. చాలా ఓపిగ్గా చెప్పింది. తలుపు తిప్పడానికి ఎంతమంది మనుషులు కావాలని అడిగాను. ఎవరూ అక్కర్లేదండీ అని సంతోషంగా అంది. నేనూ సంతోషించాను. ఇంక ఏ పిల్ల చదువూ ఎవరి పిలుపు కోసమూ ఆగదు. రెండు ఊళ్లకీ ఒకేసారి వెలిగింది. కొత్త వెలుగు తెల్లగా, ఎర్రబడకుండా ఒక్కసారే వస్తుంది. అయినా అక్కడ నిలబడితే ఆ చోటు ఏదో ఖాళీగా అనిపించింది. బండ మాత్రం అలాగే ఉంది. దుంగ కొన ఆనిన చోట రాయి నున్నగా గుంటపడి ఉంది. దాని పక్కన అయ్య కూర్చునే రాతి మీద కూర్చున్నాను. సాబిత్రి రాళ్ల మీదుగా అటు వెళ్లి వాళ్ల నాన్న చోట కూర్చుంది. నాకు ఆమె కనపడలేదు. ఇద్దరికీ ఆ పిలుపు నోటిదాకా వచ్చింది గానీ, చుట్టూ అంతమంది జనం, ఫోటోలు తీసేవాళ్లు. సిగ్గేసి ఊరుకున్నాం.

బస్సెక్కేటప్పుడు, ఇంజను చప్పుడులో, దీపాల వేళ ఫోన్లో మాట్లాడుకుందాం అనుకున్నాం. నెంబర్లు రాసుకున్నాం. హాస్టలు తెరిచాక పని పెరిగింది. వంటయ్యాక, పిల్లలు ట్యూబులైట్ల కింద చదువుకునే వేళకి, నేను వంటింటి గుమ్మంలో ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. వెతుక్కుంటూ వచ్చింది ఆమె, మాట మొదలుపెట్టింది ఆమె. ఆమే చేస్తుంది కదా అనుకున్నాను. రోజులు గడిచాయి. ఫోను మోగలేదు. మర్చిపోయి ఉంటుందనుకున్నాను, ఇంట్లో మనవలూ వాళ్లూ ఉంటారు కదా అనుకున్నాను. నిన్న ఒక పిల్ల మంచినీళ్లకని వచ్చి, రోజూ ఎవరి ఫోను కోసం మామ్మా, నువ్వే చెయ్యొచ్చు కదా అంది.

"సేస్తాది. పిలుపు తనదే" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఆ పిల్ల చేతే నెంబరు నొక్కించాను. అటు రెండుమూడుసార్లు మోగింది. ఎత్తారు. నాకు పేరు చెప్పడం రాలేదు. "ఓ..." అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, చదువుకుంటున్న పిల్లలు తలలెత్తి చూశారు.

అటునుంచి "ఓ..." అని వచ్చింది.

"నానొచ్చి పిలిసినాను గదప్పా" అంది సాబిత్రి. "ఈసారి పిలుపు నీదే గదా. రోజూ ఫోను ఒల్లో ఎట్టుకుని కూకుంటన్నాను."